ఎమిలీ మాయర్ 'ఫౌస్ట్' ఓవర్చర్: పేరు ఫౌస్ట్‌ది, ముగింపు గ్రెట్చెన్‌ది

కల్యాణి_విశాఖ (శనివారం, రాత్రి 9:12)

ఎమిలీ మాయర్ గురించి ఇక్కడ ఇంతవరకు ఎవరూ మాట్లాడినట్టు లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1812లో ఉత్తర జర్మనీలోని ఫ్రీడ్‌లాండ్ అనే చిన్న ఊళ్లో పుట్టి, 1883లో బెర్లిన్‌లో కన్నుమూసిన స్వరకర్త ఆవిడ. ఎనిమిది సింఫనీలు, చాలా ఓవర్చర్లు, ఇంకా బోలెడు చాంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించేది) రాసింది. ఆడవాళ్లు ఇంట్లో పాడుకునే పాటలో, పియానో మీద వాయించుకునే చిన్న చిన్న రచనలో రాస్తే సంతోషించి, ఆర్కెస్ట్రాకి రాస్తాననగానే మొహం చిట్లించే కాలమది. ఆవిడ ఆర్కెస్ట్రానే పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు.

నేను చెప్పాలనుకుంటున్నది 'ఫౌస్ట్' ఓవర్చర్ గురించి. ఓపస్ 46 (ఆవిడ రచనల వరసలో దాని సంఖ్య), 1880లో ష్టెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆవిడకి డెబ్భైకి దగ్గర. బి మైనర్‌లో నెమ్మదిగా, దిగులుగా మొదలై, ఆ తర్వాత వేగం అందుకుంటుంది. మొత్తం పది పన్నెండు నిమిషాలు. చివర్లో బి మేజర్‌లోకి తిరిగే చోట స్కోరులో, అంటే వాద్యాలన్నిటి స్వరాలూ రాసిన ప్రతిలో, ఆవిడ మూడే మూడు జర్మన్ మాటలు రాసింది: "ఆమె రక్షింపబడింది."

జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకం తెలిసినవాళ్లకి ఆ మాట ఎవరి గురించో వెంటనే తెలుస్తుంది. ఫౌస్ట్ గురించి కాదు, సైతాను మెఫిస్టో గురించీ కాదు, గ్రెట్చెన్ గురించి. ఓవర్చర్ పేరేమో ఫౌస్ట్‌ది, ముగింపు మాత్రం చెరసాలలో ఉన్న ఆ పిల్లది. నాకైతే ఈ రచన మొత్తం గ్రెట్చెన్ వైపు నిలబడి చెప్పిన ఫౌస్ట్ కథ అనిపిస్తోంది. మీరేమంటారు?

నల్గొండ_నవీన్ (శనివారం, రాత్రి 9:40)

అక్కా, లింక్ దొరికింది, విన్న. మస్తుగుంది. కానీ రెండు సంగతులు సమజ్ కాలే. ఓవర్చర్ అంటే ఆపెరాకు ముందు వాయించేది కదా? మరి ఈమె ఆపెరా ఏది? ఇంకోటి, ఫౌస్ట్ కథ నాకు సైతాన్‌కు ఆత్మను అమ్ముకున్నోడు అన్నంత వరకే ఎరుక. గ్రెట్చెన్ ఎవరు?

కరుణ_డల్లాస్ (శనివారం, రాత్రి 10:05)

మొదటిదానికి నేను చెప్తాను నవీన్ గారూ, రెండోది సూరిబాబు మాస్టారికి వదిలేద్దాం.

ఓవర్చర్ పుట్టింది మీరన్నట్టు తెర లేవడానికి ముందు వాయించడానికే. ఆపెరాలకి ఉండేది, నాటకాలకీ ఉండేది. గోథే రాసిన 'ఎగ్మాంట్' నాటకానికి బేతోవెన్ రాసిన ఓవర్చర్ (1810) అలాంటిదే. కాలం గడిచేకొద్దీ ఓవర్చర్ ఒక్కటే కచేరీలో వాయించడం అలవాటైంది. ఆపైన నాటకంతోనూ ఆపెరాతోనూ పనిలేకుండా కచేరీ కోసమే ఓవర్చర్లు రాయడం మొదలైంది. మెండెల్‌జోన్ పదిహేడేళ్ల వయసులో షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' చదివి 1826లో రాసిన ఓవర్చర్ దీనికి పెద్ద ఉదాహరణ. వెనక తెరా ఉండదు, పాత్రధారులూ ఉండరు. ఒక పుస్తకం చదివిన మనసు ఉంటుంది, ముందు ఆర్కెస్ట్రా ఉంటుంది. మాయర్ 'ఫౌస్ట్' ఈ కోవలోదే. దీనికి ఆపెరా లేదు.

సూరిబాబు_మాస్టారు (ఆదివారం, ఉదయం 6:30)

బాబూ నవీన్, నువ్వు అడగడం మంచిదైంది. ఈ కథ తెలియకుండా ఆ ఓవర్చర్ ముగింపు బరువు తెలియదు.

గోథే 'ఫౌస్ట్' మొదటి భాగం 1808లో వచ్చింది. చదవాల్సిన శాస్త్రాలన్నీ చదివి, దేనితోనూ తృప్తి లేక, విషం గిన్నె నోటిదాకా తెచ్చుకున్న పండితుడు ఫౌస్ట్. సైతాను మెఫిస్టోఫిలిస్‌తో (మెఫిస్టో అంటే ఇతనే) ఒప్పందం చేసుకుని మళ్లీ యౌవనం పొందుతాడు. వీధిలో గ్రెట్చెన్ కనిపిస్తుంది. సామాన్యుల ఇంటి పిల్ల, దైవభక్తి కలది. ఇక అక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి. ఇద్దరూ కలుసుకోవడం కోసం తల్లికి ఇచ్చిన నిద్రమందుతో ఆ తల్లి లేవనే లేవదు. అన్న వాలెంటీన్ ఫౌస్ట్ కత్తికి బలైపోతాడు. ఫౌస్ట్ వదిలి వెళ్లిపోతాడు. ఊరి నిందకు భయపడి, మతి చలించి, పుట్టిన బిడ్డను నీళ్లలో ముంచేస్తుంది. మరణశిక్ష పడుతుంది.

ఆఖరి దృశ్యం చెరసాల. ఫౌస్ట్ తాళాలు తీసుకుని వస్తాడు, రమ్మంటాడు. ఆమె వెళ్లదు. వెళ్లదంటే వెళ్లలేక కాదు. తలుపు తీసే ఉంది. అతని వెనక మెఫిస్టోను చూసి, దైవం తీర్పుకు తనను తాను అప్పగించుకుంటుంది. "శిక్ష పడిపోయింది" అంటాడు మెఫిస్టో. "రక్షింపబడింది" అని పైనుంచి ఒక స్వరం వినిపిస్తుంది. ఆ స్వరమే మాయర్ స్కోరులోకి ఎక్కింది.

ఒక సంగతి మీ అందరికీ చెప్పాలి. గోథే యౌవనంలో రాసుకున్న మొదటి చిత్తుప్రతిలో ఆ పై స్వరం లేదు. మెఫిస్టో తీర్పుతోనే ఆమె కథ తేలిపోతుంది. ఆ చిత్తుప్రతికి వైమార్ కొలువులోని లూయిసే ఫాన్ గొఖ్‌హౌజెన్ అనే ఆవిడ రాసిపెట్టుకున్న నకలు 1887లో బయటపడింది. మాయర్ పోయిన నాలుగేళ్లకి. అంటే గోథే ఎన్నో ఏళ్లు ఆలోచించి తర్వాత చేర్చిన ఒక్క వాక్యాన్ని, దాని చరిత్ర ఏమీ తెలియకుండానే, ఈవిడ కథ మొత్తానికి ఇరుసుగా పట్టుకుంది. చదవడం అంటే ఇలా ఉండాలి అనిపించింది నాకు.

వయొలిన్_రఘు (ఆదివారం, ఉదయం 8:15)

కథ బాగా చెప్పారు మాస్టారూ. కానీ కల్యాణి గారి వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను.

మైనర్‌లో మొదలై అదే ఆధారస్వరం మీద మేజర్‌లో ముగియడం ఆ కాలంలో అందరూ చేసిన పని. బేతోవెన్ ఐదో సింఫనీ సి మైనర్ నుంచి సి మేజర్‌కి వెళ్తుంది. పైన కరుణ గారు చెప్పిన 'ఎగ్మాంట్' ఎఫ్ మైనర్ నుంచి ఎఫ్ మేజర్‌కి వెళ్తుంది. అదీ గోథేనే, అక్కడా నాయకుడు చెరసాల నుంచి మరణశిక్షకు నడిచి వెళ్లే కథే. మరి 'ఎగ్మాంట్' ముగింపును విజయం అంటున్నాం, ఇక్కడ మోక్షం అంటున్నాం. స్వరాలు అవే, మాట మారింది, అంతే. స్కోరులో ఆ మూడు మాటలు చెరిపేస్తే ఇది గ్రెట్చెన్ ముగింపని చెవికి తెలుస్తుందా? నాకు తెలియలేదు. రచన నాకు నచ్చింది, అది వేరే విషయం.

కల్యాణి_విశాఖ (ఆదివారం, ఉదయం 10:48)

రఘు గారూ, మంచి ప్రశ్న. ముందుగా, మైనర్-మేజర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక్క మాట. మన లెక్కలో చెప్పాలంటే షడ్జం కదలకుండా కీరవాణి ఛాయ నుంచి శంకరాభరణంలోకి రావడం లాంటిది. మధ్యలో హార్మనీ చేసే పని వేరే ఉంది కానీ, ఆ మలుపు చెవికి తగిలే తీరు అర్థం కావడానికి ఇది చాలు.

ఇక మీ అభ్యంతరం. మలుపు అందరూ తిప్పారు, నిజమే. ఎవరి కోసం తిప్పారన్నది నా ప్రశ్న. అదే కథకి వాగ్నర్ రాసిన 'ఫౌస్ట్' ఓవర్చర్‌ను పక్కన పెట్టి చూడండి. 1840లో పారిస్‌లో రాసి 1855లో దిద్దాడు. డి మైనర్‌లో మొదలవుతుంది, చివర్న డి మేజర్‌లో అణిగిపోతుంది. అక్కడా మైనర్-మేజరే. కానీ ఆయన స్కోరు మొదట్లో పెట్టుకున్న గోథే పంక్తులు ఎవరివి? ఫౌస్ట్‌వి. నా గుండెలో ఉన్న దేవుడు లోపల అల్లకల్లోలం చేయగలడు కానీ బయట ఒక్క పూచికపుల్లనీ కదపలేడు, అందుకే బతుకు బరువు, చావు కోరిక అని ఫౌస్ట్ వాపోయే పంక్తులు. గ్రెట్చెన్ కోసం ఒక భాగం ఉంటే బాగుంటుందని స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ సూచించినా, ఇది ఒంటరి ఫౌస్ట్ చిత్రం అని వాగ్నర్ అలాగే ఉంచేశాడు.

లిస్ట్ సంగతి చూడండి. తన 'ఫౌస్ట్' సింఫనీలో గ్రెట్చెన్‌కి నడిమి భాగం మొత్తం ఇచ్చాడు, అద్భుతంగా ఇచ్చాడు. కానీ మెఫిస్టో తర్వాత, 1857లో చేర్చిన కోరస్‌తో ముగించేటప్పటికి అది గోథే నాటకం రెండో భాగంలో ఫౌస్ట్‌ను పైకి తీసుకెళ్లే ఘట్టం. గ్రెట్చెన్ అక్కడ అతన్ని పైకి లాగే శక్తి.

మాయర్ మొదటి భాగం దగ్గరే ఆగింది. ఫౌస్ట్ ఏమయ్యాడో ఆవిడకి ఈ పన్నెండు నిమిషాల్లో అక్కర్లేదు. సంగీతంలో వెలుగు వచ్చేది ఆ పిల్ల కోసం. ఆవిడ ఆ మాట స్కోరులో రాసింది కూడా వాయించేవాళ్ల కోసమే కదా. టిక్కెట్టు కొని ముందు కూర్చున్నవాళ్లకి ఆ మాట కనపడదు. వేదిక మీదున్నవాళ్లకి తెలియాలని రాసింది.

బెర్లిన్_మాధవి (ఆదివారం, మధ్యాహ్నం 3:20)

కల్యాణీ, చివరి మాట దగ్గర ఆగిపోయాను. నేను ఇక్కడ ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, మంద్రంగా పలికేది) వాయిస్తాను. ఈ ఓవర్చర్ మా సాధనలో ఉంది. వాయించేవాళ్ల వైపు నుంచి ఒక విషయం చెప్తాను, రఘు గారికి ఇది వెంటనే అందుతుంది.

వయోలాకి నాలుగు తీగలు: సి, జి, డి, ఎ. బి మైనర్‌లో ఉన్నంతసేపు వీటిలో మూడు మనకు పనికొస్తాయి. జి, డి, ఎ ఆ స్కేలులో ఉన్న స్వరాలే. వేలు ఆనించకుండా ఓపెన్ స్ట్రింగ్ మోగించవచ్చు, మోగించకపోయినా పక్క తీగ దానంతటదే కంపించి నాదానికి తోడొస్తుంది. బి మేజర్‌కి వచ్చేసరికి ఐదు షార్పులు, అంటే అర స్వరం పైకి జరిపినవి. సి షార్ప్, డి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్. అంటే మా నాలుగు తీగల్లో ఒక్కటి కూడా స్కేలులో లేదు. చెల్లోవాళ్లదీ ఇదే పరిస్థితి. వయొలిన్‌కి ఒక్క 'ఇ' మిగులుతుంది.

అందుకే ఆర్కెస్ట్రా రచనల్లో బి మైనర్ నుంచి వెలుగులోకి రావాలంటే చాలామంది డి మేజర్ వైపు వెళ్తారు. తీగలన్నీ గలగలా మోగుతాయి. ఈవిడ అలా వెళ్లలేదు. ముగింపులో ప్రతి స్వరాన్నీ వేలితోనే నిలబెట్టాలి, శ్రుతికి ఎవరూ ఆసరా ఇవ్వరు. బాగా కుదిరిన రోజున వచ్చే నాదం డి మేజర్ మోతలా ఉండదు, కొంచెం లోపలికి, వెచ్చగా ఉంటుంది. 'ఎగ్మాంట్' చివర విజయభేరి వినిపిస్తుంది. ఇక్కడ అలా వినిపించదు నాకు.

వయొలిన్_రఘు (ఆదివారం, సాయంత్రం 5:02)

మాధవి గారూ, ఇది నాకు కావలసిన జవాబు. కాగితం మీది మాట కన్నా తీగ మీది సాక్ష్యం నాకు గట్టిది. కర్ణాటక సంగీతంలో మనం వయొలిన్‌ని షడ్జ పంచమాలకి శ్రుతి చేసుకుని ఓపెన్ తీగల దన్నుతోనే బతుకుతాం కాబట్టి, ఆ దన్ను మొత్తం తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించగలను.

అయితే నా అనుమానం కొంత మిగిలే ఉంది. ఆవిడ ఆ నాదం కోసమే బి ఎంచుకుందా, లేక మైనర్ మొదలుపెట్టిన చోటే మేజర్‌తో ముగించాలన్న ఆనాటి పద్ధతి ప్రకారం వచ్చిందా? రెండోదే ఎక్కువ సహజం అనుకుంటున్నాను. ఫలితం మాత్రం మీరు చెప్పినట్టే ఉంది.

నల్గొండ_నవీన్ (ఆదివారం, రాత్రి 8:30)

సార్ చెప్పిన కథ చదివి మళ్ల విన్న. ఇప్పుడు వేరేగ వినబడ్డది. మొదలు నాకు నడిమిట్ల వచ్చే ఆ మెత్తటి భాగం ఊకే మంచిగున్న ట్యూన్ అనిపించింది. ఇప్పుడు అది వస్తుంటే ఈ పిల్లకు ముంగట ఏం కాబోతుందో అని గుబులైతుంది.

ఇంతకు ఈమె ఎవరి దగ్గర నేర్చుకుంది? ఆ రోజుల్ల ఆడపిల్లకు ఆర్కెస్ట్రాకు రాసుడు నేర్పినోళ్లు ఎవరు?

బెర్లిన్_మాధవి (ఆదివారం, రాత్రి 10:15)

నవీన్, అది చాలా పెద్ద కథ. నాకు తెలిసినంత చెప్తాను.

నాన్న మందుల దుకాణం యజమాని. అమ్మ ఈమె పసితనంలోనే పోయింది. ఇంట్లో పియానో, ఊళ్లో ఆర్గన్ వాయించే ఆయన దగ్గర పాఠాలు. 1840లో నాన్న తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఈమెకి ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు. ఆ వయసులో, ఆ పరిస్థితుల్లో, చేతికి వచ్చిన వారసత్వాన్ని పట్టుకుని మరుసటి ఏడాది ష్టెటిన్ వెళ్లి కార్ల్ ల్యోవే దగ్గర శిష్యురాలిగా చేరింది. ఆ డబ్బు ఉండబట్టే ఎవరినీ అడుక్కోకుండా జీవితాంతం సంగీతంలో ఉండగలిగింది. ఇది దాచాల్సిన సంగతి కాదు. డబ్బు లేని ఎమిలీ మాయర్లు ఎంతమంది వంటింట్లో ఉండిపోయారో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ష్టెటిన్ ఇవాళ పోలండ్‌లో ష్చెచిన్. ల్యోవే అక్కడ సెయింట్ జేమ్స్ చర్చి ఆర్గనిస్టు, ఊరి సంగీత దర్శకుడు. కరుణ గారు పైన చెప్పిన మెండెల్‌జోన్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ఓవర్చర్ మొట్టమొదట బహిరంగంగా వినిపించింది ఎక్కడనుకుంటున్నారు? 1827 ఫిబ్రవరి 20న, ష్టెటిన్‌లో, ల్యోవే చేతి కింద. పుస్తకం చదివి ఓవర్చర్ రాయడం అనే కొత్త పద్ధతికి పురుడు పోసిన మనిషి దగ్గరే ఈవిడ పాఠం నేర్చుకుంది. పైగా ల్యోవే స్వయంగా గోథేని కలిసినవాడు, గోథే కవితలకు బాణీలు కట్టినవాడు. 'ఫౌస్ట్' నుంచీ కొన్ని భాగాలు తీసుకున్నాడు. కాబట్టి 1880లో ఈ ఓవర్చర్ ష్టెటిన్‌లో అచ్చుకావడం ఏదో యాదృచ్ఛికంగా జరిగినట్టు నాకు తోచదు. ల్యోవే గుండెను తర్వాత ఆ చర్చిలోనే, ఆర్గన్ పక్క స్తంభంలో భద్రపరిచారు.

1847లో ఆమె మొదటి రెండు సింఫనీలు ష్టెటిన్‌లో వాయించారు. అదే ఏడాది బెర్లిన్‌కి మకాం మార్చింది. అడాల్ఫ్ బెర్న్‌హార్డ్ మార్క్స్ దగ్గర ఫ్యూగు, కౌంటర్‌పాయింట్, అంటే ఒకేసారి నడిచే బాణీలను ఒకదానితో ఒకటి అల్లే విద్య. విల్‌హెల్మ్ వీప్రెహ్ట్ దగ్గర వాద్యాల కూర్పు. ఈ వీప్రెహ్ట్ ప్రష్యా సైనిక బ్యాండ్లను తీర్చిదిద్దిన మనిషి, టూబా అనే పెద్ద ఇత్తడి వాద్యాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడు. ఇత్తడి వాద్యాల సంగతి ఆయన కన్నా తెలిసినవాళ్లు బెర్లిన్‌లో లేరు. 1850 ఏప్రిల్ 21న ఆయనే పూనుకుని మొత్తం కచేరీ ఆమె రచనలతోనే రాజ నాటకశాలలో జరిపించాడు. ప్రష్యా రాణి ఎలిజబెత్ బంగారు పతకం ఇచ్చింది.

కరుణ_డల్లాస్ (సోమవారం, ఉదయం 7:50)

మాధవీ, ఆ 1850 కచేరీల కాలంలోనే బెర్లిన్ సంగీత పత్రిక ఒకటి ఆవిడని ఎలా మెచ్చుకుందో కూడా చెప్పుకోవాలి. స్త్రీ శక్తులు, అంటే రెండో తరగతి శక్తులు, ఎంతవరకు సాధించగలవో అంతా ఎమిలీ మాయర్ సాధించింది అన్న అర్థంలో రాశారు. ఇది మెప్పే! పదేళ్ల ముందు పారిస్‌లో లూయిజ్ ఫారాంక్ అనే స్వరకర్త రాసిన ఓవర్చర్ విని, స్వరకర్త బెర్లియోజ్ అంతటివాడు ఆడవాళ్లలో అరుదుగా కనిపించే ప్రతిభతో వాద్యాలు కూర్చిందని రాశాడు. అదీ మెప్పే. నాకు ఇవి చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

అందుకే ఆవిడని "ఆడ బేతోవెన్" అనడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఇప్పటికీ కచేరీ ప్రకటనల్లో అదే మాట వాడుతున్నారు.

వయొలిన్_రఘు (సోమవారం, ఉదయం 9:30)

కరుణ గారూ, ఆ మాట వల్లే నాలాంటివాడు ఒకసారి విని చూద్దాం అనుకుంటాడు. తలుపు తెరవడానికి అదొక తాళంచెవి అనుకోండి. తప్పేముంది?

కరుణ_డల్లాస్ (సోమవారం, ఉదయం 11:10)

తప్పేముందంటే, లోపలికి వచ్చినవాళ్లు బేతోవెన్ కోసం వెతుకుతారు. బేతోవెన్‌లా ఉన్నచోట అనుకరణ అంటారు, లేనిచోట లోపం అంటారు. మీరే చూడండి, నిన్న ఈ ఓవర్చర్‌ను మొదట పోల్చింది ఐదో సింఫనీతో, 'ఎగ్మాంట్'తో. తీగల సంగతి మాధవి చెప్పాక గానీ ఆవిడ సొంత నాదం మన చర్చలోకి రాలేదు.

నేను పియానో మీద నాలుగు చేతులతో వాయించే రచనలు ఎక్కువ వాయిస్తాను. ఆవిడ బి మైనర్ సింఫనీ మనకి మిగిలింది ఆ రూపంలోనే. ఆర్కెస్ట్రా స్కోరు పోయింది, నాలుగు చేతుల పియానో ప్రతి మిగిలింది. దాన్నుంచి ష్టెఫాన్ మాల్ట్‌సేఫ్ మళ్లీ ఆర్కెస్ట్రాకి కూర్చాడు. మిగతా సింఫనీల్లో చాలావాటి చేతిరాత ప్రతులు బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి. వందేళ్లకు పైగా ఎవరూ వాయించకపోవడానికి ఇదీ ఒక పెద్ద కారణం. ఆర్కెస్ట్రా వాయించాలంటే ఒక్కో వాద్యానికి విడివిడిగా కాగితాలు కావాలి. చేతిరాత స్కోరు ఒక్కటే ఉంటే ఎవరో కూర్చుని వాటిని తయారు చేయాలి, దానికి డబ్బూ ఓపికా కావాలి. 'ఫౌస్ట్' ఓవర్చర్ అదృష్టం అది ఆవిడ బతికుండగానే అచ్చు కావడం. స్త్రీల రచన కాబట్టి మరుగున పడింది అని ఒక్క మాటలో తేల్చేస్తాం కానీ, మరుగున పడేది ఇలా, కాగితం దగ్గర.

సూరిబాబు_మాస్టారు (సోమవారం, సాయంత్రం 6:20)

కరుణమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

మనవాళ్లకి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి కలుపుతాను, చర్చ దారి మళ్లిస్తున్నానని అనుకోకండి. 'ఫౌస్ట్' తెర తీయగానే కథ మొదలు కాదు. నాటకశాల యజమాని, కవి, హాస్యగాడు ముగ్గురూ రంగస్థలం మీద నిలబడి ఈ పూట ఏం ఆడదాం, జనానికి ఏం కావాలి అని వాదించుకుంటారు. ఈ పద్ధతి గోథేకి మన కాళిదాసు దగ్గర దొరికింది. 1791లో గేయోర్గ్ ఫోర్‌స్టర్ జర్మన్‌లోకి తెచ్చిన 'అభిజ్ఞాన శాకుంతలం' చదివి గోథే పొంగిపోయాడు. సూత్రధారుడు నటిని పిలిచి మాట్లాడే మన ప్రస్తావన ఉంది చూశారూ, దాని నీడే 'ఫౌస్ట్' రంగస్థల పీఠిక.

ఆ శాకుంతలం మీదే కార్ల్ గోల్డ్‌మార్క్ 1865లో 'శకుంతల' ఓవర్చర్ రాశాడు, వియన్నాలో మంచి పేరు వచ్చింది. శకుంతలనూ ప్రేమించినవాడు మరచిపోయాడు, కొలువులో నిందపడింది. చివరికి పోయిన ఉంగరం దొరికింది, ఆమెకి కొడుకు దక్కాడు, రాజు తిరిగి వచ్చాడు. గ్రెట్చెన్‌కి ఇవేవీ దక్కలేదు, ఒక్క స్వరం తప్ప. రెండు ఓవర్చర్లూ ఒకదాని వెంట ఒకటి వినండి.

కల్యాణి_విశాఖ (సోమవారం, రాత్రి 9:05)

మాస్టారూ, ఇవాళే వింటాను.

రఘు గారి అనుమానానికి తిరిగి వస్తాను, అది నన్ను వదల్లేదు. ఆనాటి పద్ధతి ప్రకారమే బి మేజర్ వచ్చిందనుకుందాం. సరే. పద్ధతి ఎటూ అక్కడికి తీసుకెళ్తుంది కాబట్టి ఆవిడ ఏమీ రాయనక్కర్లేదు. పేరులో 'ఫౌస్ట్' ఉంది, చివర వెలుగు ఉంది, వినేవాళ్లు ఫౌస్ట్‌కి ముక్తి దొరికిందనుకుని ఇంటికి వెళ్లేవాళ్లు. గోథే రెండో భాగంలో దొరుకుతుంది కూడా. అలా అనుకోవడానికి అంతా సిద్ధంగా ఉన్న చోట ఆవిడ కలం తీసి, కాదు, ఆమె అని రాసింది. డెబ్భైకి దగ్గరపడిన వయసులో, సింఫనీలు, క్వార్టెట్లు అన్నీ రాసేసిన మనిషి, కథ అర్థం చెడిపోతుందనుకున్న ఒక్కచోట మాట పెట్టింది. నాకు ఆ మూడు మాటలు సంగీతానికి అతికించిన చీటీలా లేవు, రచనలో భాగంలా ఉన్నాయి.

వయొలిన్_రఘు (సోమవారం, రాత్రి 10:40)

ఈ వాదన ఒప్పుకుంటాను. మలుపు అందరిదీ, 'ఆమె' అన్న మాట మాయర్‌ది. అయినా చెవికి ఆ మాట చేరదన్న నా పాయింటు అలాగే ఉంది. అందుకే నా సలహా, ఎవరైనా ఈ ఓవర్చర్‌ను కచేరీలో పెడితే ఆ మాటను కార్యక్రమ పత్రంలో అచ్చు వేయాలి. మాధవి గారూ, మీ ఆర్కెస్ట్రావాళ్లకి చెప్పగలరా?

బెర్లిన్_మాధవి (మంగళవారం, తెల్లవారుజామున 1:15)

తప్పకుండా చెప్తాను రఘు గారూ, పత్రం రాసేది మా చెల్లో ఆయనే. గ్రెట్చెన్ కథ రెండు పేరాల్లో ఇవ్వమంటాను.

ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరైనా చూడాలనుకుంటే, ఆవిడ సమాధి హాలెషెస్ టోర్ దగ్గరి శ్మశానంలో ఉంది. మెండెల్‌జోన్, ఆయన అక్క ఫానీ హెన్సెల్ ఉన్నదీ అక్కడే. ఫానీ కూడా 1832 ప్రాంతంలో ఒక ఓవర్చర్ రాసింది, 1843లో 'ఫౌస్ట్' రెండో భాగం మొదటి దృశ్యానికి స్త్రీల గొంతులతో సంగీతం కట్టింది. సంగీతం నీకు అలంకారంగానే ఉండాలి అని తండ్రి చిన్నప్పుడే చెప్పిన అమ్మాయి ఆవిడ.

మాయర్ ఖాళీ సమయంలో రొట్టె పిండితో శిల్పాలు చేసేదట, అవి రాజకుటుంబాల దాకా వెళ్లాయి. ఈ సంగతి నాకు చాలా ఇష్టం, ఎక్కడైనా చెప్పాలనుకుని ఇక్కడ చెప్పేస్తున్నాను.

నల్గొండ_నవీన్ (మంగళవారం, ఉదయం 8:00)

రొట్టె పిండి! అక్కా, ఇసొంటివి ఇంకా చెప్పుండ్రి. 'ఫౌస్ట్' అయినంక ఈమెవి ఏం వినాలె? పుస్తకాల మీద ఓవర్చర్లు రాసిన ఆడోళ్లు ఇంకా ఎవరన్న ఉన్నరా?

కరుణ_డల్లాస్ (మంగళవారం, ఉదయం 10:30)

మాయర్‌వి అయితే సి మైనర్, ఇ మైనర్ సింఫనీలు, అంటే ష్టెటిన్‌లో మొదట వాయించినవి, వినండి. ఉత్తర జర్మనీ రేడియో ఆర్కెస్ట్రా చేసిన రికార్డింగు ఉంది. ఆ తర్వాత మూడోది, 'మిలిటరీ' సింఫనీ. వీప్రెహ్ట్ బ్యాండు పాఠాలు అందులో ఎక్కడ పనిచేశాయో ఇట్టే తెలుస్తుంది.

పుస్తకాల మీద రాసినవాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నారు. ఎథెల్ స్మిత్ 1890లో షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' మీద ఓవర్చర్ రాసి లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో వినిపించింది. అంతకన్నా ముందు ఆలిస్ మేరీ స్మిత్ ఉంది (1839–1884). లాంగ్‌ఫెలో రాసిన 'మాస్క్ ఆఫ్ పండోరా' కి 1878లో ఓవర్చర్ రాసింది. 1865లో 'లల్లా రూఖ్' మీద ఒకటి రాసింది. టామస్ మూర్ కావ్యం అది. ఔరంగజేబు కూతురు ఢిల్లీ నుంచి కాశ్మీరుకి పెళ్లికూతురుగా ప్రయాణం చేసే కథ. మూర్ ఈ దేశంలో అడుగు పెట్టకుండా పుస్తకాలు చదివి రాశాడు. దాన్ని చదివి లండన్‌లో ఆవిడ ఆర్కెస్ట్రాకి రాసింది.

నవీన్ గారూ, మీరు 'లల్లా రూఖ్' విని చెప్పండి, దాని మీద వేరే చర్చ తెరుద్దాం. రఘు గారు మన రాగాల చెవితో విని అందులో తూర్పు ఎంత ఉందో, లండన్ ఎంత ఉందో తేల్చాలి.

వయొలిన్_రఘు (మంగళవారం, మధ్యాహ్నం 12:05)

తప్పకుండా. ఈ ఆదివారం లోపు విని రాస్తాను. ఆ స్కోరు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, చెవితో పాటు తీగలు కూడా చూస్తాను.